మూలకారణం: మానవ తప్పిదం

శ్రీదివ్య ఇంట్లో ఏడు పఫర్ చేపలు ఉండేవి. మరుగుజ్జు జాతి. ఒక్కొక్కటి పచ్చి బఠానీ గింజకంటె కాస్త పెద్దది, అంతే. కేరళ నదుల్లో పుట్టి, ప్లాస్టిక్ సంచుల్లో ప్రయాణించి, రామచంద్రాపురంలోని అక్వేరియం దుకాణం వరకూ వచ్చిన ప్రాణులవి. ఇంటికి వచ్చిన చుట్టాలు ముచ్చటపడి గాజుకు వేలు ఆనించేవారు. ముచ్చటపడదగిన గుణం వాటిలో ఒక్కటీ లేదని శ్రీదివ్యకు తెలుసు. అవి పక్క చేప తోకను కొరికి పెడతాయి. డబ్బాల్లో అమ్మే ఎండు మేతను నోటిలోకి తీసుకుని మరీ ఉమ్మివేస్తాయి. వాటికి మెత్తని పురుగు కావాలి, లేదా గుల్లతో ఉన్న నత్త కావాలి. ఒక కన్ను నత్త మీద, రెండో కన్ను పక్కవాడి మీద ఉంచి, నీటిలో కదలకుండా నిలబడి లెక్క చూసుకుంటాయి. ఒకదానికొకటి కనబడితే యుద్ధమే గనక, అరవై లీటర్ల తొట్టిలో ఆమె మొక్కలను గోడల్లా నాటి ఏడింటికీ ఏడు మూలలు కల్పించింది. బాల్కనీలో నీలం టబ్బు పెట్టి, వాటి కోసం ప్రత్యేకంగా నత్తలను పెంచింది.

"ఇంత పౌరుషం ఉన్న జీవాన్ని బిందెడు నీళ్లలో పెట్టి సాకడం ఎందుకే?" అనేది తల్లి అన్నపూర్ణ.

"నచ్చనిది ఉమ్మేస్తాయి. మొహమాటం లేదు. అందుకే నాకిష్టం," అనేది శ్రీదివ్య.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. జిన్నారం వైపు ఉన్న ఒక మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో ఉద్యోగం. ఆ ఫ్యాక్టరీలో ఏ చిన్న పొరపాటు జరిగినా దాని మీద ఒక నివేదిక తయారు కావాలి. ఆ నివేదికలో "మూలకారణం" అనే గడి ఉంటుంది, అది నిండనిదే కాగితం కదలదు. కారణం యంత్రంలో ఉందని రాస్తే యంత్రాన్ని ఆపాలి. నీటిలో ఉందని రాస్తే ప్లాంటునే ఆపాలి. మనిషిలో ఉందని రాస్తే ఆ మనిషిని పిలిచి, గంటసేపు శిక్షణ ఇచ్చామని సంతకం తీసుకుంటే సరిపోతుంది. పద్నాలుగేళ్లలో ఆమె చేతి మీదుగా మూసిన నివేదికల్లో మూడింట రెండు వంతుల మీద ఒకటే మాట ఉంది: మానవ తప్పిదం. అది అబద్ధమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అది నిజమా అని కూడా ఎన్నడూ అనుకోలేదు.

మార్చి నెలలో ఆమె నాలుగు రోజులు విశాఖపట్నం వెళ్లవలసి వచ్చింది. అక్కడి తమ రెండో ఫ్యాక్టరీలో తనిఖీ. అక్కడున్న తన చెల్లెల్ని చూసినట్టుంటుందని అన్నపూర్ణ కూడా వెంట బయలుదేరింది. తాళం చెవి వాచ్‌మన్ బాలప్పకు ఇచ్చారు.

బాలప్పది నారాయణఖేడ్ వైపు. పటాన్‌చెరులోని ఆ మూడంతస్తుల ఇంటి గేటు పక్క గదిలో, భార్య కౌసల్యమ్మతోనూ ఇద్దరు ఆడపిల్లలతోనూ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. కౌసల్యమ్మ అదే ఇంట్లో నాలుగు వాటాల్లో పాచిపని చేస్తుంది. పని, గది, పిల్లల బడి, అన్నీ ఆ గేటును అంటిపెట్టుకునే ఉన్నాయి. శ్రీదివ్య వంటింటి గోడకు ఒక కాగితం అతికించి వెళ్లింది. సాయంత్రం ఫ్రిజ్‌లోని ఎర్ర పురుగుల గడ్డ ఒకటి వేయాలి. రెండో రోజూ నాలుగో రోజూ తొట్టిలోంచి సగం బకెట్టు నీళ్లు తీసి, కుళాయి నీళ్లు సగం బకెట్టు పట్టి, క్లోరిన్‌ను విరిచే మందు ఐదు చుక్కలు వేసి, గంట ఆగి పోయాలి. బాల్కనీలోని నత్తల టబ్బును ముట్టుకోరాదు.

ఆదివారం మధ్యాహ్నం తిరిగివచ్చి తొట్టి దీపం వేసేసరికి ఏడూ చచ్చి ఉన్నాయి. ఐదు ఇసుక మీద పడి ఉన్నాయి, రెండు మొక్కల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. కళ్లు మాత్రం ఇంకా చెరొక వైపు చూస్తున్నట్టే ఉన్నాయి.

ఆమె ఏడవలేదు. సంచీ దించకుండానే పరీక్ష గొట్టాలు తీసి వరుసగా పెట్టింది. అమ్మోనియా లేదు. నైట్రైట్ లేదు. ఆమ్లగుణం ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. బాల్కనీలో నత్తలు నిక్షేపంగా పాకుతున్నాయి. నీటిలో దోషం లేదు గనక దోషం నీళ్లు పోసిన చేతిలో ఉందని, కండువా మార్చుకున్నంత సులువుగా ఆమె నిశ్చయించుకుంది. తరువాత బాలప్పను పైకి పిలిచింది.

బాలప్ప గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తొట్టి వైపు చూడలేకపోయాడు. "నిన్న సాయంత్రం నుంచే ఒకటొకటి పడుడు షురువైంది, మేడం. మీకు ఫోన్ జేసిన. స్విచ్చాఫ్ వచ్చింది."

"తనిఖీలో ఉన్నాను. మందు వేశారా?"

"ఐదు సుక్కలేసిన. గంట ఆపిన. మీ కాయితం మా బిడ్డ రెండు సార్లు సదివి చెప్పింది."

"నిన్న మెట్లు కడిగారా?"

"పొద్దుగాల కడిగిన."

"దేనితో?"

"ఫినాయిల్ తోని."

"ఆ తర్వాత చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్న మేడం. చేపల పనాయె, మంచిగ కడుక్కున్న."

"సబ్బుతోనా?"

"సబ్బు తోనే."

"అంటే సబ్బు చేతులు తొట్టిలో పెట్టారు."

బాలప్ప తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "కడగకపోతే ఫినాయిల్ తప్పు. కడిగితే సబ్బు తప్పు. ఇగ నేనేం జెయ్యాలె, మేడం?"

ఆ ప్రశ్న న్యాయమైనది. శ్రీదివ్య అతన్ని పంపించేసి ఫోన్ తీసుకుంది. సాయంత్రం నాలుగింటికల్లా అన్ని వాటాలవాళ్లూ ఉన్న ఇంటి వాట్సాప్ గ్రూపులో, తనకు చేతనైన పద్ధతిలో, నివేదిక పెట్టింది.

"సంఘటన: ఏడు చేపల మరణం. నీటి పరీక్షలు: అన్నీ సాధారణం. పరిశీలన: బాలప్పకు లిఖితపూర్వక సూచనలు ఇవ్వబడినవి. ఫినాయిల్‌తో మెట్లు కడిగిన రోజునే బాలప్ప తొట్టిలో చేతులు పెట్టినాడు. ఈ విషయం బాలప్పే ఒప్పుకొన్నాడు. మూలకారణం: మానవ తప్పిదం. నివారణ చర్య: ఇకపై బాలప్పకు ఎవరూ ఇంటి తాళాలు ఇవ్వరాదు."

ఇంటి యజమాని మొగులయ్య దానికింద సరేనన్నట్టు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు. మరునాడు పొద్దున్నే బాలప్పను పిలిచి, మూడు రోజుల్లో గది ఖాళీ చేయమన్నాడు.

మూడో రోజున కౌసల్యమ్మ పైకి వచ్చింది. ఎప్పటిలా చెప్పులు మెట్ల దగ్గర విడవలేదు. చెప్పులతోనే గుమ్మంలో నిలబడింది. కింద ఆటోలో మంచం, బీరువా, ఇద్దరు పిల్లల పుస్తకాల సంచులు ఎక్కి ఉన్నాయి.

"మొగులయ్య పటేలు మీ ఫోన్ రాత సూపెట్టి ఎల్లగొట్టిండు, మేడం. ఇంక వారం రోజులైతే పిల్లల పరీక్షలు."

"నేను వెళ్లగొట్టమని రాయలేదు కౌసల్యా. తాళాలు ఇవ్వొద్దని రాశాను."

"వాచ్‌మన్‌ను నమ్మొద్దని రాసినంక ఉంచుకుంటరా? తాళంచెవి పట్టుకునుడు తప్ప వాచ్‌మన్‌కు ఇంకేం పనుంటది?"

"చేసిన తప్పుకి..."

"ఏం తప్పు? సూసినవా నువ్వు?" కౌసల్యమ్మ గొంతు పెంచలేదు. మేడం అనడం మాత్రం మానేసింది. "మొన్న మీ అమ్మకు కాలు బెణికితే మూడో అంతస్తుకు ఎత్తుకొచ్చింది ఎవరు? అప్పుడు సబ్బు చెయ్యా, ఫినాయిల్ చెయ్యా అని అడిగినవా?"

అన్నపూర్ణ లోపలి గదిలోంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కౌసల్యమ్మ దిగిపోయింది. శ్రీదివ్య ఆ పూట కిందికి దిగి మొగులయ్యతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఆటో కదిలేది కాదు. నేరానికి శిక్ష పడుతున్నప్పుడు మధ్యలో దూరడం అన్యాయమని ఆమె తనకు తాను చెప్పుకుని తలుపు మూసుకుంది. మనుషులు తమ సౌకర్యానికి పెట్టుకునే పేర్లలో న్యాయం అనే పేరు చాలా నునుపైనది.

వారం తిరగకుండానే గేటు పక్క గదికి ఇనప షట్టరు బిగించారు. చికెన్ పకోడీ బండివాడికి కిరాయికి ఇచ్చారట.

ఆ తరువాతి ఆదివారం నత్తల టబ్బు వాసన కొడుతోందని అన్నపూర్ణ పాత నీళ్లు మొత్తం పారబోసి, కుళాయి నీళ్లు నింపింది. మందు చుక్కలు కూడా లెక్కపెట్టి వేసింది. మరునాడు ఉదయానికి ఒక్క నత్త గోడకు అంటుకుని లేదు. అన్నీ గుల్లల్లోంచి సగం బయటికి జారి, మెత్తబడి, అడుగున పడి ఉన్నాయి.

అన్నపూర్ణ కాఫీ గ్లాసుతో వచ్చి కూతురి పక్కన నిలబడింది. "బాలప్ప ఇప్పుడు లేడు కదా."

శ్రీదివ్య వంగి ఒక గుల్లను పైకి తీసింది.

"నీళ్లు పోసింది నేను. రాయి మరి గ్రూపులో. అన్నపూర్ణకు లిఖితపూర్వక సూచనలు ఇవ్వబడినవని రాయి. నన్ను ఎక్కడికి పంపిస్తావు, మన ఊరు భీమవరమా?"

"అమ్మా, ఆపు."

"నేను ఆపుతాను. ఆ పిల్ల చెప్పులతో గుమ్మంలో నిలబడిన రోజు నుంచీ ఆపుకునే ఉన్నాను."

శ్రీదివ్య తొలిసారిగా తాను చేసిన పరీక్షలను లెక్కపెట్టుకుంది. అమ్మోనియా చూసింది, నైట్రైట్ చూసింది. చేపల పెంపకందారు ఎవరైనా చూసేవే చూసింది. నత్తలను ఒక్క రాత్రిలో చంపేది మరొకటి ఉంది, రాగి. దాన్ని చూడలేదు. కంపెనీలో లోహాలను కొలిచే యంత్రం ఉంది. కాని నమోదు కాని నీళ్లను అందులో పెడితే ఉద్యోగం పోతుంది, ఆ నియమాన్ని రాసినవారిలో తానూ ఒకతె. రామచంద్రాపురం వెళ్లి రాగిని పట్టిచ్చే పరీక్ష డబ్బా కొనుక్కొచ్చింది. కుళాయి నీళ్లలో రెండు చుక్కలు వేసింది. గాజు గొట్టంలో రంగు చిక్కబడుతూ పోయి, డబ్బా మీద అచ్చువేసిన వరుసలో చిట్టచివరి గడిని కూడా దాటింది.

ఆమె డాబా మీదికి ఎక్కింది. సిమెంటు ట్యాంకు మూత ఏనాడో విరిగింది. ఎండ తిన్నగా నీళ్ల మీద పడుతోంది. లోపలికి వంగి చూసింది. పైపు నుంచి నీళ్లు దూకే చోట, గొట్టానికి పురికొసతో గోనెగుడ్డ మూట ఒకటి కట్టి ఉంది. నీళ్లు ఆ మూటను తడుపుకుంటూ ట్యాంకులోకి పడుతున్నాయి. విప్పి చూస్తే లోపల నీలంరంగు పలుకులు, రాగి లవణం. మైలుతుత్తం.

మొగులయ్య కింద వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దగ్గరపడిన మనిషి. జిన్నారం పక్కన అతనికి తొమ్మిదెకరాల పొలం ఉండేది. అది అమ్మి ఈ ఇల్లు కట్టాడు. ఆమె తడి మూటను అతని కాళ్ల ముందు పెట్టింది.

"ఇది ఎవరు కట్టారు?"

"నేనే కట్టిన." అతను మూటను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "స్నానం నీళ్లల్ల పచ్చగ నాచొస్తుందని గ్రూపుల పెట్టింది నువ్వే గదా, దివ్యా. నువ్వు ఊరికి పోయిన్నాడే పైకెక్కి కట్టిన."

"ట్యాంకులో మైలుతుత్తం కడతారా ఎవరైనా?"

"మడిల నాచు పడితే ఏం జేస్తం? నీళ్లు పారే కాడ గోనెసంచిల మైలుతుత్తం కట్టి పెడ్తం. నీళ్లు పారినకొద్ది అదే కరిగి పోతది. నలభై ఏండ్లు గట్లనే జేసినం. మీరు తాగేటియి బబుల్ డబ్బా నీళ్లే గదా. ఈ నీళ్లతోని ఒక్క మనిషికన్న ఏమన్న అయ్యిందా?"

"చేపలు చచ్చాయి. నత్తలు చచ్చాయి."

"సస్తయి. మడిల గూడ నత్తలు సస్తయి, చేపపిల్లలు సస్తయి. అందరికెరుకే."

"మీకు తెలుసా? నేను గ్రూపులో రాసిన రోజు, చేపలు దేనివల్ల చచ్చాయో మీకు తెలుసా?"

"తెల్సు."

"తెలిసి కూడా బాలప్పను పంపించారు."

"ఆ రూముకు షట్టర్ ఎయ్యాలని రెండేండ్ల సంది అనుకుంటున్న. తొమ్మిదేండ్లు ఉన్న మనిషిని ఊరికెనే పొమ్మంటే నలుగురు నన్నంటరు. నువ్వు సాఫ్‌గ రాసిచ్చినవ్. పరీక్షలు జేసినన్నవ్, కారణమన్నవ్, నివారణ చర్య అన్నవ్. నేనెందుకు కాదంట?"

"ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నువ్వు అడిగినవా నన్ను?" మొగులయ్య కుర్చీలో ముందుకు వంగాడు. ఇప్పుడు అతని గొంతులో వెటకారం లేదు, పాత కసి ఉంది. "జెర ఇను బిడ్డా. మా బోరుల ఎర్రనీళ్లొచ్చినయ్. వరి మాడిపోయింది, రెండు బర్లు సచ్చినయ్. పక్క కంపెనీ మీద అర్జీ పెట్టినం. మీ అసోంటోళ్లే వచ్చిన్రు, సీసాలు పట్టుకొని, తెల్ల కోట్లు ఏసుకొని. ఏం రాసిన్రో ఎరుకేనా? రైతు ఎరువు ఎక్కువేసిండు, రైతుదే తప్పని రాసిన్రు. మా నాయిన పేరు రాసిన్రు కాయితంల. తొమ్మిదెకరాలు గట్ల అమ్ముకున్నం. నువ్వు రాసింది సదివిన్నాడు నాకు మళ్ల గదే కాయితం సదివినట్టయ్యింది."

"మరి అదే అన్యాయం బాలప్పకు మీరు చేశారు."

"నేను జెయ్యలే. నువ్వు జేసినవ్. నేను సూసుకుంట కూసున్న."

శ్రీదివ్య చెప్పవలసింది చెప్పింది. "బాలప్పను పిలిపించి, నిజం గ్రూపులో పెట్టండి."

"పెట్ట. రూము కిరాయికిచ్చిన. నీకు నీళ్లు నచ్చకపోతే నెలాఖరుకు ఖాళీ జెయ్యి."

ఆమె పైకి వెళ్లి రెండో నివేదిక రాసి గ్రూపులో పెట్టింది. పది నిమిషాల్లో మొగులయ్య ఆమెను గ్రూపులోంచి తీసేశాడు. ఆమె దాన్ని అచ్చు వేయించి మెట్ల గోడకు అతికించింది. తెల్లవారేసరికి అది చిరిగి, గోడకు నాలుగు మూలలు మాత్రం మిగిలాయి.

బాలప్ప కుటుంబం ముత్తంగి దగ్గర రేకుల గదిలో ఉందని పాలవాడు చెప్పాడు. శ్రీదివ్య సెలవు పెట్టి, అచ్చు కాగితం తీసుకుని పొద్దున్నే అక్కడికి వెళ్లింది. బాలప్ప అడ్డా మీదికి కూలికి పోవడానికి సద్ది కట్టుకుని బయటికి వస్తున్నాడు. ముఖం పీక్కుపోయింది. ఆమెను చూసి ఆగాడు గాని లోపలికి రమ్మనలేదు. కౌసల్యమ్మ అంట్లు తోముతున్న చోటు నుంచి లేవలేదు.

"చేపలు మీవల్ల చావలేదు, బాలప్పా. ట్యాంకులో మైలుతుత్తం కట్టారు. నీళ్లలోనే విషం ఉంది. మీరు నేను చెప్పినట్టే చేశారు."

"నేను గదే చెప్పిన గదా."

"చెప్పారు. ఇదిగో, రాసి తెచ్చాను."

అతను కాగితం పెద్దకూతురికి ఇచ్చాడు. పరీక్షకు చదువుకుంటున్న ఆ పిల్ల లేచి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది. "సంఘటన పునఃపరిశీలన. పై ట్యాంకులో మైలుతుత్తం మూట కనబడినది. చేపల మరణానికి అదే కారణమని నిర్ధారణ అయినది. వాచ్‌మన్ బాలప్పకు ఈ సంఘటనతో సంబంధం లేదు. గత నివేదిక రద్దు చేయడమైనది."

"అయిపోయిందా?" అన్నాడు బాలప్ప.

"అయిపోయింది నాయినా."

"మొదటి కాయితంల నా పేరు నాలుగు సార్లున్నది. మా బిడ్డ లెక్కవెట్టి చెప్పింది." అతను శ్రీదివ్య వైపు తిరిగాడు. "దీంట్ల మీ పేరేది?"

"ఇలాంటి వాటిలో రాసినవాళ్ల పేరు ఉండదు. పద్ధతి అది."

"తప్పు జేసినోని పేరుంటది గద? పోయినసారి తప్పు నాదని నా పేరు రాసిన్రు. ఈసారి తప్పు ఎవలదో కాయితంల లేదు. మూట ఎవలు కట్టిన్రో లేదు. అడగకుంట ఎవలు రాసిన్రో లేదు. దేవుడు చేసినట్టే ఉన్నది."

కౌసల్యమ్మ గిన్నె కింద పెట్టింది. "పని కోసం సెక్యూరిటీ ఆఫీసుకు మూడు సార్లు పోయిండు. పాత ఓనరుకు ఫోన్ జేసిన్రు. ఇంట్ల దూరి చేపల్ని సంపిండని చెప్పిండట పటేలు. అందరు నవ్విన్రట. నవ్వి ఎల్లగొట్టిన్రు. గీ కాయితం తీసుకపోతే మళ్ల నవ్వుతరు."

శ్రీదివ్య ఆ గుమ్మంలో, రేకు నీడలో, చెప్పుల మధ్య కింద కూర్చుంది. పిల్ల దగ్గర పెన్ను అడిగింది. ఆ పిల్ల తండ్రి ముఖం చూసి, అతను తల ఊపాకే ఇచ్చింది. కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి ఆమెకు వాక్యం తొందరగా దొరకలేదు.

"శ్రీదివ్య అను నేను, నీళ్లలో ఏముందో పూర్తిగా పరీక్షించకుండా, ఇంటి యజమాని మొగులయ్యను ఒక్క మాటైనా అడగకుండా, బాలప్ప తప్పు చేసినాడని రాసినాను. అతను నిజం చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ట్యాంకులో మైలుతుత్తం కట్టినది మొగులయ్య. ఆ సంగతి తెలిసి కూడా ఆయన బాలప్పను తొలగించినాడు. తొలగిస్తున్నారని తెలిసి కూడా నేను ఆపలేదు."

పిల్ల అది కూడా గట్టిగా చదివింది. చివరి వాక్యం దగ్గర కౌసల్యమ్మ చేతులు కడుక్కుని లేచింది. "ఆఫీసుకు నువ్వు గూడ రావాలె," అంది.

సెక్యూరిటీ ఏజెన్సీ పటాన్‌చెరు హైవే మీద టైర్ల దుకాణం పైన ఉంది. సూపర్‌వైజర్ నర్సింహులు కాగితం చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. "శ్రీదివ్య అంటే మీరేనా మేడం?"

"నేనే."

"చేపల కోసమా గిదంత?"

"చేపల కోసం కాదు. ఈయన మీద నేను అబద్ధం రాశాను. అది నిజమనుకుని మీరు పని ఇవ్వలేదు."

నర్సింహులు వాళ్ల ముందే మొగులయ్యకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు గదంతా వినబడింది. "ఆమెను ఇల్లు ఖాళీ చెయ్యమన్న. ఆ కోపంతోని రాసిచ్చిందే అది."

"మైలుతుత్తం నువ్వు కట్టలేదా పెద్దమనిషీ?" అన్నాడు నర్సింహులు.

అవతల మాట ఆగింది. తరువాత ఫోన్ ఆగింది.

నర్సింహులు ఫోన్ బల్ల మీద పెట్టాడు. సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. "కాయితం సరే మేడం. హామీ ఎవలన్న ఉండాలె. డ్యూటీల సామాను పోయినా, కంప్లైంట్ వచ్చినా మేము మిమ్మల్నే పిలుస్తం. ఆధార్ నంబర్ రాయాలె."

ఆమె రాసి, సంతకం పెట్టింది. బాలప్ప యూనిఫాం కొలతలకు లోపలికి వెళ్లాడు. వెళుతూ ఆమె వైపు చూడలేదు. ధన్యవాదం ఆశించి రాలేదని ఆమె అనుకుంది. అయినా లోపల ఎక్కడో ఆశించినట్టు, అది రానప్పుడే తెలిసింది.

మెట్లు దిగాక కౌసల్యమ్మ ఆ కాగితాన్ని పక్కనే ఉన్న జిరాక్స్ దుకాణంలో ఇచ్చి, "పన్నెండు తియ్యి," అంది.

"పన్నెండు ఎందుకు?" అంది శ్రీదివ్య.

"ఆ ఇంట్ల పన్నెండు వాటాలున్నయ్. నాలుగిండ్లల్ల నేను పని జేసిన. నా మొగడు ఇంటికి తాళాలియ్యరాని మనిషని పన్నెండు ఫోన్లల్ల సదువుకున్నరు."

"నేను ఇస్తాను. నేనే గుమ్మం గుమ్మానికీ వెళ్తాను."

"నువ్వియ్యకు. నువ్విస్తే నీ మంచితనం చెప్పుకుంటరు. నేనే ఇస్త."

పటాన్‌చెరు ఎండలో ఆమె ముందు నడిచింది. శ్రీదివ్య పది అడుగులు వెనక నడిచింది. గేటు పక్కన షట్టరు సగం తెరిచి ఉంది, లోపల ఎవరో నూనె డబ్బాలు దించుతున్నారు. కౌసల్యమ్మ అటు చూడలేదు. వరండాలో మొగులయ్య అదే కుర్చీలో ఉన్నాడు.

"మళ్లెందుకొచ్చినవే?" అన్నాడు.

ఆమె జిరాక్స్ కాగితం ఒకటి అతనికి అందించబోయింది. అతను అందుకోలేదు. ఆమె దాన్ని కుర్చీ చేతి మీద పెట్టి, ఎగిరిపోకుండా అతని కళ్లజోడు డబ్బా దాని మీద ఉంచి, మిగిలిన పదకొండూ తీసుకుని మెట్లెక్కింది. మొదటి అంతస్తులో తలుపు కొట్టిన శబ్దం కిందికి వినబడింది.